నాయన దాచిన మాన్యువల్ లెన్సులకు ఏ కెమెరా కొనాలి?

ఒక ఆదివారం పొద్దున తిరుపతి బైరాగిపట్టెడలో మా వెనకవీధి కుర్రాడు స్టీలు డబ్బా ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మూత తీస్తే పాత పంచె ముక్కలో చుట్టిన మూడు నికాన్ లెన్సులు ఉన్నాయి. 28 ఎంఎం ఎఫ్/2.8, 50 ఎంఎం ఎఫ్/1.8, 105 ఎంఎం ఎఫ్/2.5. మూడూ చేత్తో ఫోకస్ తిప్పుకునేవే. ఫిలిం కాలంలో వాళ్ళ నాయన పెళ్ళిళ్ళు తీసిన లెన్సులవి. ఆయన ఇప్పుడు లేరు, ఆయన వాడిన కెమెరా బాడీ కూడా ఎటో పోయింది.

"అన్నా, వీటికి తగిన కెమెరా ఒకటి చెప్పు. సెకండ్‌హ్యాండ్ అయినా సరే. షాపులో అడిగితే, ఇవి పెట్టుకొని ఏం చేస్తావు, కిట్ లెన్స్‌తో కొత్తది తీసుకో అంటున్నారు" అన్నాడు.

షాపువాళ్ళ మాట నాకు నచ్చలేదు. ఆ 105 ఎంఎం లెన్స్‌తో తీసిన ముఖాలు ఎంత బాగుంటాయో చూసినవాళ్ళు ఎవరూ దాన్ని డబ్బాలో ఉంచమని చెప్పరు. అలాగని "ఏ కెమెరాకైనా తగులుతాయిలే, కొనుక్కో" అని చెప్పి పంపడం కూడా తప్పే. తగిలించడం సులువు. తగిలించాక వెలుతురు కొలిచే మీటర్ పనిచేస్తుందా, ఫోకస్ సరిగ్గా కుదిరిందో లేదో కంటికి తెలుస్తుందా, చేతి వణుకును బాడీ ఆపుతుందా అన్నదాన్ని బట్టి ఆ లెన్స్ రోజూ వాడుకునేది అవుతుంది, లేదంటే మళ్ళీ డబ్బాలోకి పోతుంది. కంపెనీలు పాత లెన్సులకు ఎంతవరకు సాయం అందిస్తున్నాయో తెలిసేది కూడా ఈ మూడు విషయాల్లోనే. ఆ రోజు ఆ అబ్బాయికి చెప్పినదంతా, తర్వాత నేను సరిచూసుకున్న వివరాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెన్స్ బాగుందో లేదో చూడండి

బాడీ సంగతి తర్వాత. తిరుపతి ఎండల ఊరే కానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు బీరువాలో బట్టలు కూడా చెమ్మ పడతాయి. ఏళ్ళ తరబడి తోలు కవర్లో ఉన్న లెన్స్‌కు ఫంగస్ పట్టే అవకాశం ఎక్కువ. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. ఆ అబ్బాయి లెన్సులు పంచె ముక్కలో ఉండటం ఒక రకంగా మంచిదే అయింది.

చూడాల్సిన పద్ధతి ఇది. అపర్చర్ రింగ్‌ను, అంటే లోపలి రేకుల మధ్య రంధ్రాన్ని పెంచి తగ్గించే రింగ్‌ను, పూర్తిగా తెరవండి. గది చీకటి చేసి, మొబైల్ టార్చ్‌ను లెన్స్ వెనక నుంచి కొంచెం పక్కవాటంగా పెట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. పలచటి పొగలా ఉంటే లోపలి అద్దంపై పొర కట్టినట్టు. నాలుగైదు దుమ్ము రేణువులుంటే పట్టించుకోనక్కర్లేదు, ఫొటోలో తెలియవు. తర్వాత రింగ్‌ను రంధ్రం అన్నిటికంటే చిన్నగా ఉండే అంకె దగ్గరికి తిప్పి, లెన్స్ వెనక ఉన్న చిన్న లీవర్‌ను వేలితో కదిపి వదలండి. అపర్చర్ రేకులు టక్కున మూసుకోవాలి. మెల్లగా, బద్ధకంగా మూసుకుంటే వాటిపైకి నూనె చేరిందన్నమాట. డీఎస్ఎల్ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలో, వాడితే ఆ లెన్స్ ప్రతి ఫొటోనూ అవసరానికి మించి తెల్లగా ఇస్తుంది, ఎందుకంటే షట్టర్ తెరుచుకునేలోపు రేకులు మూసుకోలేవు. చివరగా ఫోకస్ రింగ్. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో పట్టేస్తే లోపలి గ్రీజు ఎండిపోయినట్టు.

ఒకసారి నేను బయటి ఊళ్ళో ఒక దుకాణంలో 135 ఎంఎం లెన్స్ ఒకటి కొన్నాను. ట్యూబ్‌లైట్ కింద అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చి టార్చ్ వేస్తే లోపలంతా దారాలే. చెన్నైలో శుభ్రం చేయించాను, ఫంగస్ పోయింది కానీ అది తినేసిన పూత తిరిగి రాలేదు. ఎదురుగా దీపం ఉంటే ఇప్పటికీ ఫొటో మసకబారుతుంది. అప్పటినుంచి టార్చ్ లేకుండా ఏ లెన్సూ కొనలేదు. బాగున్న లెన్సులు ఉంటే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, జెల్ రంగు మారినప్పుడల్లా ఎండబెట్టండి.

నికాన్ లెన్స్ అయితే ఇంకో పరీక్ష ఉంది. అపర్చర్ రింగ్ మీద అంకెలు రెండు వరుసల్లో, ఒకటి పెద్దగా, మౌంట్ పక్కన ఇంకోటి చిన్నగా ఉంటే అది ఏఐ లెన్స్. చిన్న వరుస ఉండి, అన్నిటికంటే చిన్న రంధ్రాన్ని చూపే అంకె, అంటే అన్నిటిలో పెద్ద అంకె, నారింజ రంగులో ఉంటే ఏఐ-ఎస్. ఒకే వరుస ఉంటే 1977కు ముందటి రకం కావచ్చు. ఈ ఏఐ అంటే ఆటోమేటిక్ ఇండెక్సింగ్, రింగ్ ఎక్కడుందో బాడీకి తెలియజేసే ఏర్పాటు. 1977కు ముందటి లెన్స్‌ను, మార్పు చేయించకుండా, కొన్ని బాడీలకు బలవంతంగా బిగిస్తే బాడీ అంచున ఉన్న చిన్న కొక్కెం విరుగుతుంది. ఆ అబ్బాయివి మూడూ ఏఐ-ఎస్. బెంగ లేదు.

మిల్లీమీటర్ల లెక్క

ఏ లెన్స్ ఏ బాడీకి సరిపోతుందో తేల్చేది ఒక్క కొలత. లెన్స్ బిగించే లోహపు రింగ్ నుంచి లోపలి సెన్సార్ దాకా ఉన్న దూరం. నికాన్ ఎఫ్ మౌంట్‌కు, అంటే 1959 నుంచి వస్తున్న మౌంట్‌కు, అది 46.5 మిల్లీమీటర్లు. పెంటాక్స్ కె మౌంట్‌కూ మరలా తిప్పి బిగించే పాత ఎం42 లెన్సులకూ 45.46. పాత మాన్యువల్ మినోల్టాకు 43.5. పాత కెనాన్ ఎఫ్‌డీకి 42. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లు వాడే ఈఎఫ్ మౌంట్‌కు 44. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి దూరం బాగా తగ్గింది. కెనాన్ ఆర్ఎఫ్‌కు 20, సోనీ ఈ మౌంట్‌కు 18, ఫూజీ ఎక్స్‌కు 17.7, నికాన్ జెడ్‌కు 16 మిల్లీమీటర్లు.

లెన్స్‌కు కావలసిన దూరం బాడీ దూరం కంటే ఎక్కువైతే, ఆ తేడా అంత మందం ఉన్న రింగ్ వేస్తే సరిపోతుంది. నికాన్ ఎఫ్ లెన్స్‌ను జెడ్ బాడీకి వేయాలంటే 30.5 మిల్లీమీటర్ల రింగ్. తక్కువైతే మాత్రం కష్టం. 42 మిల్లీమీటర్ల ఎఫ్‌డీ లెన్స్‌ను 44 మిల్లీమీటర్ల ఈఎఫ్ బాడీకి పెడితే దూరంలో ఉన్నవేవీ ఫోకస్‌లోకి రావు, లేదంటే అడాప్టర్ రింగ్‌లో ఇంకో గాజు లెన్స్ పెట్టాలి, ఆ గాజు అసలు లెన్స్ నాణ్యతను కొంత తినేస్తుంది. ఆ 2 మిల్లీమీటర్ల వల్లే 1987లో కెనాన్ కొత్త మౌంట్‌కు మారినప్పుడు ఎఫ్‌డీ లెన్సులున్నవాళ్ళు నష్టపోయారు. మిర్రర్‌లెస్ వచ్చాక అవే లెన్సులు, ఆర్ఎఫ్ బాడీకైతే 22 మిల్లీమీటర్ల రింగ్‌తో, మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి. మీ ఇంట్లో కెనాన్ ఎఫ్‌డీ గానీ మాన్యువల్ మినోల్టా గానీ ఉంటే డీఎస్ఎల్ఆర్ ఆలోచన వదిలేయండి. మీకు మిర్రర్‌లెస్ ఒక్కటే దారి.

నికాన్ డీఎస్ఎల్ఆర్‌లు: కొక్కెం ఉన్నవి, లేనివి

ఒకే కంపెనీ, ఒకే మౌంట్, కానీ బాడీల మధ్య చాలా తేడా ఉంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

డి7000, డి7100, డి7200, డి610, డి700, డి750, డి810, డి850 లాంటి బాడీల్లో మౌంట్ చుట్టూ ఒక చిన్న కొక్కెం తిరుగుతుంది. మీరు అపర్చర్ రింగ్ తిప్పితే అదీ తిరుగుతుంది, బాడీకి ఎఫ్ నంబర్ తెలుస్తుంది. మెనూలో లెన్స్ ఎంఎం, దాని గరిష్ఠ అపర్చర్ రాసి పెట్టుకోవచ్చు, 9 లెన్సుల దాకా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత మీటర్ మామూలుగా పనిచేస్తుంది, అపర్చర్ మనం పెట్టుకునే ఎ మోడ్‌లో షట్టర్ స్పీడ్ దానంతటదే వస్తుంది, తర్వాత ఫొటో వివరాల్లో ఎఫ్ నంబర్ కూడా ఉంటుంది. వ్యూఫైండర్, అంటే కన్ను పెట్టి చూసే కిటికీ, ఎప్పుడూ వెలుతురుగానే ఉంటుంది, ఫొటో తీసే క్షణంలోనే రేకులు మూసుకుంటాయి. ఫిలిం కెమెరాలో ఎలా ఉండేదో అలాగే.

డి3000, డి5000 వరుస బాడీల్లో ఆ కొక్కెం లేదు. 2017లో వచ్చిన డి7500లో కూడా తీసేశారు. వీటికి లెన్స్ హాయిగా బిగుస్తుంది, కానీ మీటర్ పనిచేయదు. అన్నీ మనమే పెట్టుకునే ఎం మోడ్‌లో పెట్టి, ఒక ఫొటో తీసి, హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) చూసి, షట్టర్ స్పీడ్ మార్చి మళ్ళీ తీయాలి. చంద్రగిరి కోటలో రాజమహల్ తీస్తున్నారంటే ఇది ఇబ్బంది కాదు, మహల్ ఎక్కడికీ పోదు. తలంబ్రాల దగ్గర మాత్రం ఇది పనికిరాదు.

నన్ను చాలా రోజులు బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. నికాన్ ఏఐ లెన్స్‌ను 2.5 మిల్లీమీటర్ల రింగ్ వేసి చవక రకం కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు పెడితే మీటర్ పనిచేస్తుంది. రింగ్ తిప్పి రేకులు మూస్తే వ్యూఫైండర్ చీకటి పడుతుంది కానీ, వచ్చిన వెలుతురును బట్టి ఎవీ మోడ్‌లో (కెనాన్‌లో ఎ మోడ్ పేరు అది) షట్టర్ స్పీడ్ ఇస్తుంది. అంటే నికాన్ లెన్స్ నికాన్ చవక బాడీ మీద కంటే కెనాన్ చవక బాడీ మీద సుఖంగా ఉంటుంది. కారణం ఉంది. నికాన్ బాడీలోని లీవర్ ఫొటో తీసేదాకా రేకులను తెరిచే ఉంచుతుంది, కొక్కెం లేని బాడీకి అవి ఎంత మూసుకుంటాయో తెలియదు. సరే, తెలియదు. కానీ ఒక బటన్ నొక్కితే రేకులు ఒక్క క్షణం మూసుకొని, వెలుతురు కొలిచి, మళ్ళీ తెరుచుకునే ఏర్పాటు చేయొచ్చు కదా? పెంటాక్స్ సరిగ్గా అదే చేసింది.

పెంటాక్స్ డిజిటల్ బాడీల్లోనూ పాత కొక్కెం లేదు. కానీ పాత కె, ఎం లెన్స్ బిగించి, మెనూలో అపర్చర్ రింగ్ వాడకానికి అనుమతి ఇచ్చి, ఎం మోడ్‌లో పచ్చ బటన్ నొక్కితే బాడీ వెలుతురు కొలిచి షట్టర్ స్పీడ్ పెట్టేస్తుంది. తొలినాటి కొన్ని బాడీలు తప్ప, వణుకు ఆపే ఏర్పాటు బాడీలోనే ఉంటుంది, స్విచ్ వేయగానే లెన్స్ ఎంఎం అడుగుతుంది. పాత లెన్స్ యజమానికి ఇచ్చిన మర్యాద అది. మీ ఇంట్లో పెంటాక్స్ లెన్సులుంటే వేరే ఆలోచన లేకుండా సెకండ్‌హ్యాండ్ పెంటాక్స్ బాడీ వెతకండి. మన వైపు అవి అరుదుగా దొరుకుతాయి, కాస్త ఓపిక కావాలి.

డీఎస్ఎల్ఆర్‌లో ఇంకో లోపం గురించి తెలిసి కొనాలి. ఆటోఫోకస్ బాడీల వ్యూఫైండర్ తెర ఫోకస్‌ను సరిగ్గా చూపించేలా తయారు చేసినది కాదు. ఎఫ్/1.8లో తీసినా కంటికి కనిపించే లోతు ఎఫ్/2.8కు దగ్గరగా ఉంటుంది. కంటికి బాగుందనిపించిన ఫొటో కంప్యూటర్‌లో చూస్తే కన్ను వదిలి చెవి మీద ఫోకస్ ఉంటుంది. ఫోకస్ కుదిరినప్పుడు కింద వెలిగే పచ్చ చుక్క కొంత సాయం చేస్తుంది. 105 ఎంఎం లెన్స్ ఎఫ్/2.5లో, ఫుల్‌ఫ్రేమ్ బాడీ (పాత ఫిలిం ఫ్రేమ్ అంత సెన్సార్ ఉన్నది) మీద, 2 మీటర్ల దూరంలో ఉన్న ముఖం తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 5 సెంటీమీటర్లే. పెళ్ళికూతురు కాస్త ముందుకు వంగితే చాలు, తప్పిపోతుంది.

మిర్రర్‌లెస్ ఎందుకు మెరుగు

ఇక్కడ సెన్సార్ మీద పడిన బొమ్మే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. ఒక బటన్ నొక్కితే కన్ను ఉన్న చోటు పెద్దదై కనిపిస్తుంది, రెప్ప వెంట్రుకలు స్పష్టంగా వచ్చేదాకా రింగ్ తిప్పుకోవచ్చు. ఫోకస్ పీకింగ్ పెట్టుకుంటే పదునుగా ఉన్న అంచుల మీద రంగు గీతలు వస్తాయి. నా మాట వింటే పీకింగ్‌ను పూర్తిగా నమ్మకండి, పట్టుచీర జరీ మీద అది అంతటా మెరుస్తుంది. పెద్దది చేసి చూసుకోవడమే నమ్మకం.

మీటర్ సమస్య కూడా లేదు. వచ్చిన వెలుతురును సెన్సారే కొలుస్తుంది. కొక్కెం అక్కర్లేదు, చిప్ అక్కర్లేదు. అపర్చర్ ఎంత పెట్టారో బాడీకి తెలియదు కాబట్టి ఫొటో వివరాల్లో ఎఫ్ నంబర్ రాదు, అంతే. ఎఫ్/11 దాకా మూస్తే కల్యాణమండపం లోపల వ్యూఫైండర్‌లో బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. అప్పుడు రింగ్ తెరిచి ఫోకస్ పెట్టుకొని, క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ మూసుకోవాలి. వారం రోజుల్లో వేళ్ళకు అలవాటవుతుంది.

వణుకు ఆపే ఏర్పాటు అన్ని బాడీల్లో ఉండదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నికాన్‌లో జెడ్5, జెడ్6, జెడ్7, జెడ్ఎఫ్‌లకు ఉంది. జెడ్50, జెడ్30, జెడ్ఎఫ్‌సీలకు లేదు. జెడ్ఎఫ్‌సీ చూడటానికి పాత ఫిలిం కెమెరాలా ముద్దుగా ఉంటుంది, పాత లెన్స్‌కు జోడీ కుదిరినట్టే కనిపిస్తుంది, కానీ మన లెన్సుల్లోనూ వణుకు ఆపే ఏర్పాటు ఉండదు కాబట్టి సాయంత్రం వెలుతురులో 105తో చేయి కదిలిన ఫొటోలు వస్తాయి. కెనాన్‌లో ఆర్5, ఆర్6, ఆర్7లకు ఉంది, ఆర్8, ఆర్10, ఆర్50లకు లేదు. సోనీలో మొదటి ఏ7కు లేదు, 2014లో వచ్చిన రెండో తరం నుంచి ఉంది.

ఉన్న బాడీలోనూ లెన్స్ ఎంఎం మీరే చెప్పాలి. 105 బిగించి మెనూలో 50 అని వదిలేస్తే చేయాల్సినంత సర్దుబాటు చేయదు. 28 బిగించి 105 అని ఉంచితే అవసరానికి మించి సర్ది ఫొటోనే చెరుపుతుంది. లెన్స్ మార్చిన ప్రతిసారీ మెనూలో కూడా మార్చాలి. ఆ మెనూను ఒక బటన్‌కు కట్టుకోండి. సోనీ, కెనాన్‌లలో అయితే లెన్స్ లేకుండా షట్టర్ విడుదల అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. చిప్ లేని లెన్స్ బిగిస్తే బాడీ లెన్స్ లేదనే అనుకుంటుంది. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక కెమెరా చెడిపోయిందని టెన్షన్ పడి షాపుకు తీసుకెళ్ళినవాళ్ళను చూశాను.

అడాప్టర్ విషయంలో డబ్బు ఆదా అయ్యే మాట ఒకటి. నికాన్ జెడ్ బాడీకి నికాన్ అమ్మే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఖరీదైనది. మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ కావాలంటే అలాంటి ఎలక్ట్రానిక్ అడాప్టర్ తప్పనిసరి. కానీ చిప్ లేని ఏఐ లెన్సులు మాత్రమే ఉంటే, లోపల ఎలక్ట్రానిక్స్ లేని మామూలు లోహపు రింగ్ కూడా అదే పని చేస్తుంది. ఎందుకంటే ఎఫ్‌టీజెడ్‌లోనూ ఆ పాత కొక్కెం లేదు. మామూలు రింగుల్లో ఉన్న లోపం వేరు. లెన్స్ అనంత దూరం దాకా తప్పకుండా ఫోకస్ కావాలని చాలా రింగులను అవసరం కంటే కొంచెం పలచగా చేస్తారు. అప్పుడు లెన్స్ మీద చెక్కిన మీటర్ల అంకెలు నిజం చెప్పవు. పోర్ట్రెయిట్లకు ఇబ్బంది లేదు, వ్యూఫైండర్‌లో చూసి తిప్పుతారు. జాతరకు మాత్రం ఇది ముఖ్యం.

గంగమ్మ జాతరలో ఏం కావాలి

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులూ వీధులు ఎలా ఉంటాయో మనకు తెలుసు. రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లగా పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. కెమెరా మీటర్‌కు ఈ తేడా తెలియదు. అది చూసిన ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తెల్లగా పూసుకున్న మనిషి మాసిపోయి వస్తాడు, బొగ్గు పూసుకున్న మనిషి వెలిసిపోయి వస్తాడు. మన చర్మం మీదో, నీడలో ఉన్న గోడ మీదో ఒకసారి వెలుతురు కొలుచుకొని ఎం మోడ్‌లో బిగించేస్తే, ఆ వెలుతురులో ఉన్నంతసేపు ఎవరు ఎదురొచ్చినా రంగు సరిగ్గా వస్తుంది. మాన్యువల్ లెన్స్ వాడేవాళ్ళకు ఈ అలవాటు సహజంగా వచ్చేస్తుంది.

ఫోకస్ సంగతి ఇంకా బాగుంటుంది. 28 ఎంఎం లెన్స్ మీద ఎఫ్/8 పెట్టి, దూరం 3.3 మీటర్ల దగ్గర ఉంచితే ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద సుమారు 1.6 మీటర్ల నుంచి కంటికి కనిపించేంత దూరం దాకా అంతా పదునుగానే ఉంటుంది. ఇక ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు. గుంపులో ఎవరో ఎదురొస్తారు, కెమెరా ఎత్తుతాం, నొక్కుతాం, అంతే. ఆటోఫోకస్ ఏ ముఖాన్ని పట్టాలో తేల్చుకునేలోపు మనకు మూడు ఫొటోలు వచ్చేస్తాయి. ఈ లెక్కంతా పాత లెన్స్ మీదే గీతలుగా చెక్కి ఉంటుంది. ఇప్పటి చాలా లెన్సులకు ఆ గీతలు లేవు.

ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సార్ ఉన్న బాడీ, అంటే డి7200 లాంటిది, కొంటే ఈ 28 కాస్తా 42లా కనిపిస్తుంది. ఇరుకు సందులో మనిషి తలో కాలో తెగిపోతుంది. 50 అనేది 75 అవుతుంది, ముఖాలకు మంచిదే. 105 దాదాపు 157 అవుతుంది, మండపంలో వెనక్కి జరగడానికి చోటుండదు. మీ లెన్సుల్లో వైడ్ ముఖ్యమైతే ఫుల్‌ఫ్రేమ్ తప్పనిసరి అనుకోండి.

నేలపట్టు పక్షులూ పులికాట్ ఫ్లెమింగోలూ తీయాలన్న కోరిక ఉంటే మాన్యువల్ లెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. చెట్టు మీద గూటిలో కూర్చున్న కొంగ వరకు సరే. ఎగిరే పక్షికి మంచి ఆటోఫోకస్ లెన్స్ కావాలి. ఒప్పుకున్న పెళ్ళిలో కూడా అంతే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. ఆ క్షణానికి ఆటోఫోకస్ లెన్స్ బిగించిన బాడీ మెడలో ఉండాలి, 105 రెండో బాడీ మీద ఉండాలి. డబ్బిచ్చిన ఇంటివాళ్ళ పెళ్ళిలో మన ఇష్టాన్ని పరీక్షించకూడదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళ చేతులు, కలం కొన, గుడ్డ మీద జారే రంగు తీయాలంటే మాత్రం 50 ఎంఎం మాన్యువల్ లెన్స్‌కు మించింది లేదు. మెల్లగా జరిగే పనిని మెల్లగా తీయవచ్చు.

కంపెనీలు ఏం చేయాలి

"పాత లెన్సులకు సాయం ఇవ్వడం కంపెనీకి దండగ ఖర్చు కాదా?" అని ఆ అబ్బాయే అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

ఆ లోహపు కొక్కెం ప్రతి బాడీలో ఉండాలని నేను అనను. దానికి చోటు కావాలి, అది అరుగుతుంది, ధర పెంచుతుంది. కెనాన్ 1987లో పాత మౌంట్ వదిలేసి పూర్తిగా విద్యుత్ సంకేతాలతో నడిచే పెద్ద మౌంట్ తెచ్చింది కాబట్టే తర్వాత అంత మంచి ఆటోఫోకస్ లెన్సులు చేయగలిగింది. నికాన్ 1959 నాటి ఇరుకు మౌంట్‌ను దశాబ్దాల పాటు లాక్కొచ్చి, చివరికి 2018లో 55 మిల్లీమీటర్ల వెడల్పున్న జెడ్‌కు మారింది. మౌంట్ మార్చడం తప్పు కాదు. ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు.

నాకు కష్టంగా ఉండేది వేరే. ఖర్చు లేని సాయాన్ని కూడా చవక బాడీల్లో ఇవ్వకపోవడం. లెన్స్ ఎంఎం రాసుకునే మెనూ, ఒక్క నొక్కుతో పెద్దది చేసి చూపించడం, చిప్ లేకపోయినా వెలుతురు కొలవడం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ పనులు. లోపల కొత్త ఇనుము ఏమీ పెట్టక్కర్లేదు. పెంటాక్స్ మొదటి డిజిటల్ బాడీకి ఆ పచ్చ బటన్ సాయం ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తోనే వచ్చింది. లైకా అయితే పాత ఎం లెన్సుల్లో చాలావాటిని ఇప్పటి డిజిటల్ ఎం బాడీ మెనూలో పేరు చూసి ఎంచుకోనిస్తుంది. అంత ఖరీదైన కెమెరాలో చేయగలిగిన మెనూ చవక కెమెరాలో ఎందుకు ఉండకూడదు? పాత లెన్స్ ఇంట్లో ఉండి కొత్త లెన్స్ కొనే స్థోమత లేని మనిషి కొనేది ఆ చవక కెమెరానే. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందకుండా పోతోంది.

కొత్త లెన్సులు అమ్ముడుపోవు అన్న భయం కంపెనీలకు ఉండవచ్చు. నేను చూసినంతలో అది జరగలేదు. నాయన లెన్స్ కోసం బాడీ కొన్నవాళ్ళు ఏడాది తిరిగేలోపు అదే మౌంట్‌లో ఒక ఆటోఫోకస్ లెన్స్ కూడా కొన్నారు. పాత లెన్సే వాళ్ళను ఆ కంపెనీ దగ్గరికి తీసుకొచ్చింది.

ఆ అబ్బాయికి చెప్పింది

అతనికి జాతర తీయాలని, ఇంటి ఆడవాళ్ళ ముఖాలు తీయాలని ఉంది. ఫ్రెండ్స్ పెళ్ళిళ్ళలో పక్కనుండి నేర్చుకోవాలనీ ఉంది. అతని దగ్గర రెండు దారులున్నాయని చెప్పాను. సెకండ్‌హ్యాండ్ డి750 కొంటే కొక్కెం ఉంది, ఫుల్‌ఫ్రేమ్, లెన్స్ మీది గీతలు కచ్చితంగా పనిచేస్తాయి, అడాప్టర్ ఖర్చు లేదు. 28, 50 ఎంఎంలకు అది చాలు. వణుకు ఆపదు, 105తో ఫోకస్ కంటికి సరిగ్గా తెలియదు. సెకండ్‌హ్యాండ్ జెడ్6 గానీ జెడ్5 గానీ కొని రింగ్ వేసుకుంటే 105 అద్భుతంగా పనిచేస్తుంది, రాత్రి ఊరేగింపులో కూడా చేయి నిలుస్తుంది. రింగ్ మందం మాత్రం చూసుకోవాలి.

అతని మూడు లెన్సుల్లో మంచిది 105. అందుకే జెడ్ వైపే వెళ్ళమన్నాను. 28 ఒక్కటే ఉండి ఉంటే డి750 చెప్పేవాడిని. డి3000, డి5000 వరుస బాడీలు ఎంత చవకగా వచ్చినా ఈ లెన్సుల కోసం కొనవద్దని గట్టిగా చెప్పాను. ఇంట్లో అలాంటి బాడీ ముందే ఉంటే మాత్రం కొత్తది కొనకముందు నెల రోజులు దాంతోనే తీయండి. హిస్టోగ్రామ్ చూసి వెలుతురు అంచనా వేయడం వస్తుంది, అసలు మాన్యువల్ ఫోకస్ మీకు ఇష్టమో కాదో కూడా తెలుస్తుంది.

కొనడానికి వెళ్ళేటప్పుడు మూడు లెన్సులూ వెంట తీసుకెళ్ళమన్నాను. డీఎస్ఎల్ఆర్ అయితే లెన్స్ బిగించి అపర్చర్ రింగ్‌ను ఒక్కో క్లిక్కు తిప్పుతూ డిస్‌ప్లేలో అంకె మారుతోందా చూడాలి. అంకె మారకపోతే కొక్కెం లేదు, లేదా విరిగింది. మిర్రర్‌లెస్ అయితే రింగ్ వేసి 28 బిగించి, షాపు మెట్ల మీదికి వచ్చి నిలబడాలి. తిరుపతిలో ఏ వీధి చివర నిలబడ్డా శేషాచలం కొండలు కనిపిస్తాయి. ఫోకస్ రింగ్‌ను అనంతం గుర్తు దాకా తిప్పి, వ్యూఫైండర్‌లో పెద్దది చేసి కొండ అంచున ఉన్న చెట్లను చూడాలి. గుర్తు దగ్గరే చెట్లు పదునుగా ఉంటే ఆ రింగ్ మందం సరిగ్గా ఉంది, జాతరలో 3.3 మీటర్ల గీతను నమ్మవచ్చు. గుర్తుకు చాలా ముందే పదునుగా వచ్చి, గుర్తు దగ్గరికి వెళ్ళేసరికి మసకబారితే ఆ రింగ్ వద్దని ఇంకోటి అడగాలి.